రెండు లైఫ్ ట్యాక్సులు, ఒకే లైఫ్

హిందూపురం నుంచి లేపాక్షి మీదుగా వచ్చిన కారు కొడికొండ దగ్గర హైవే ఎక్కి, కాసేపట్లో బాగేపల్లి టోల్ గేటు ముందు ఆగుతుంది. నంబరు ప్లేటు మీద ఏపీ 39. పక్క వరసలో ఆగిన కారు ప్లేటు మీద కేఏ 40. అంకెలు చూస్తే ఒకే ఇంటి అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండు కార్లలోనూ మాట తెలుగే. వెనక సీట్లో పెళ్లి చీరల మూటలు, మామిడికాయల బుట్ట కూడా ఒకే రకం. తేడా ఆ రెండక్షరాల్లో ఉంది. ఆ రెండక్షరాల ఖరీదు ఎంతో లెక్క వేయడమే ఈ కథనం పని.

ప్లేట్ల సంగతి ముందే చెప్పేస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు అనంతపురానికి 02, చిత్తూరుకు 03 అని జిల్లాకో అంకె ఉండేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ 39 వచ్చింది. ఇప్పుడు ప్లేటు చూసి బండి మదనపల్లెదో మచిలీపట్నందో చెప్పలేం. కర్ణాటకలో అంకె ఇంకా ఊరి పేరు చెబుతుంది. 40 చిక్కబళ్లాపురం, 67 చింతామణి, 07 కోలారు. చిక్కబళ్లాపురం కోలారు నుంచి విడిపోయి జిల్లా అయింది 2007లో. అందుకే ఇక్కడి పాత బళ్ల మీద ఇప్పటికీ 07 కనిపిస్తుంది.

బాగేపల్లి, చిక్కబళ్లాపురం, చింతామణి ఊళ్లలో ఆంధ్ర బండి కొత్త కాదు. కైవార తాతయ్య తత్వాలు పాడింది తెలుగులో, పాడిన ఊరు చింతామణి పక్కన. బాగేపల్లి వాళ్లకు హిందూపురంలో వియ్యంకులుంటారు, చింతామణి వాళ్లకు మదనపల్లెలో మండీ ఖాతాలుంటాయి. బ్రిటిష్ కాలంలో ఇటు మైసూరు సంస్థానం, అటు మద్రాసు ప్రెసిడెన్సీ. గీత అప్పుడూ ఉంది, రాకపోకలూ ఉన్నాయి. కాబట్టి ఇక్కడ తరచూ వినబడే ప్రశ్న ఇదే: “బావా, బండి మా ఊరి రిజిస్ట్రేషన్, నేనేమో చిక్కబళ్లాపురంలో ఉద్యోగం. పట్టుకుంటే లైఫ్ ట్యాక్స్ కట్టమంటారంట కదా, నిజమేనా?”

నిజమే. కానీ ఎప్పుడు, ఎంత అన్నదాంట్లోనే అసలు విషయముంది. అది తెలియకనే కొందరు కట్టాల్సిన అవసరం లేని రోజున భయపడి కడతారు, కొందరు కట్టాల్సిన రోజు దాటిపోయాక కూడా ధైర్యంగా తిరుగుతారు.

ముందు అసలైన సరిహద్దు ఒకటి చూసి వద్దాం. దాని పక్కన పెడితే బాగేపల్లి గీత ఎంత సన్ననిదో తెలుస్తుంది.

విదేశంలో స్థిరపడిన మనవాడు తిరిగొస్తూ అక్కడ వాడిన కారును ఓడలో తెచ్చుకుంటానంటాడు. డాలస్ నుంచి వచ్చేవాడైతే మాట అక్కడే ఆగిపోతుంది. అమెరికా కారుకు స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది. మనం వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే అది కుడి స్టీరింగ్‌దే అయ్యుండాలి. దుబాయ్ కారుదీ అదే గతి. సింగపూర్, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ నుంచి వచ్చే కారు ఈ మెట్టు దాటుతుంది. రెండో మెట్టు వయసు: తయారై మూడేళ్లు దాటకూడదు. మూడో మెట్టు రేవు: వాడిన కారు ముంబయి రేవులోనే దిగాలి. చిక్కబళ్లాపురానికి దగ్గరి రేవు చెన్నై అని వాదించి లాభం లేదు.

మెట్లన్నీ దాటిన తర్వాత సుంకం. రవాణా, బీమా కలుపుకుని రేవుకు చేరేసరికి ధర 20 లక్షలు పడిన ఓ పెద్ద ఎస్‌యూవీ అనుకుందాం. 2025 బడ్జెట్ తర్వాత వాడిన కార్లపై మూల కస్టమ్స్ సుంకం 70 శాతం, దాని పక్కనే వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు 67.5 శాతం. (విదేశీ కారు మీద వ్యవసాయ సెస్సు ఏమిటని చింతామణి టమాటా రైతు అడిగితే జవాబు చెప్పడం కష్టం.) అంతకు ముందు 125 శాతం సుంకం, దాని మీద పదో వంతు సర్‌ఛార్జీ ఉండేవి. పాతది కలిపినా 137.5, కొత్తది కలిపినా 137.5. పేర్లు మారాయి, జేబు మారలేదు. అంటే 27.5 లక్షలు. 20తో కలిపి 47.5 లక్షలు. దీని మీద 40 శాతం జీఎస్టీ, 19 లక్షలు. మొత్తం 66.5 లక్షలు. 20 లక్షల బండికి పన్నే 46.5 లక్షలు, అంటే ధర మీద 232.5 శాతం. ఈ కారు ఇంకా ముంబయి రేవులోనే ఉంది, రాష్ట్రం పన్ను ఇంకా మొదలే కాలేదు.

ఇంత అంకె ఎదురుగా ఉన్నప్పుడు అడ్డదారులు పుడతాయి. 2025 మేలో హైదరాబాద్‌కు చెందిన ఓ కార్ల వ్యాపారిని డీఆర్‌ఐ (రెవెన్యూ నిఘా విభాగం) అధికారులు అరెస్టు చేశారు. అమెరికా, జపాన్ కార్లను దుబాయ్, శ్రీలంక మీదుగా తిప్పి, దారిలో స్టీరింగ్ కుడి వైపుకు మార్పించి, ధర తక్కువ చూపించి తెచ్చారన్నది ఆరోపణ. ఎగ్గొట్టిన సుంకం సుమారు 25 కోట్లని అధికారుల లెక్క. ఇక విదేశీ నంబరు ప్లేటుతోనే మన రోడ్ల మీద కనిపించే కార్లుంటాయి చూడండి, అవి వేరే తరహా. పర్యాటకులు కార్నే అనే హామీ పత్రంతో తెచ్చుకుంటారు. సుంకం కట్టక్కర్లేదు, ఆరు నెలల్లో బండిని తిరిగి తీసుకెళ్లిపోవాలి.

ఆ ఆరు నెలల మాట గుర్తుంచుకోండి. ప్రపంచంలో ఎక్కడైనా సరే, గీత దాటిన బండిని అధికారి అడిగే ప్రశ్న ఒకటే: చుట్టంగా వచ్చావా, కాపురానికి వచ్చావా? బాగేపల్లిలో అడిగేదీ ఇదే. గడువు మాత్రం ఆరు నెలలు కాదు, పన్నెండు.

ఈ పన్నెండు ఎక్కడిదంటే, 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోది. అందులో 46వ సెక్షన్ చెప్పేదేమంటే, దేశంలో ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో మళ్లీ రిజిస్టరు చేయించనక్కర్లేదు. దాని వెంటనే 47వ సెక్షన్ ఒక మెలిక పెడుతుంది. బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే, అక్కడి కొత్త నంబరు తీసుకోవాలి. చట్టం వాడిన మాట ‘ఉంచితే’. తిరిగితే అని కాదు. హిందూపురంలో రాత్రి నిలబడి పొద్దున బాగేపల్లికి వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే బండి పదేళ్లు అలా తిరిగినా, నా చదువు ప్రకారం అది కర్ణాటకలో ‘ఉన్న’ బండి కాదు. చింతామణిలో అద్దె ఇల్లు తీసుకుని, ఇంటి ముందు నీళ్లు పోసి కడిగి, కవరు కప్పి పడుకోబెట్టే బండి మొదటి రాత్రి నుంచే ‘ఉన్న’ బండి. లెక్క ఆ రాత్రి నుంచి మొదలవుతుంది. పన్నెండు నెలలు నిండాక దరఖాస్తుకు మరో 30 రోజుల వ్యవధి ఉంటుంది.

నంబరు విషయంలో దేశమంతటికీ ఒకటే చట్టం ఉంది కదా, మరి పన్ను ఎందుకు రాష్ట్రానికో రకంగా ఉందంటే, దానికి జవాబు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ఉంది. బళ్ల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాల జాబితాలో 57వ పద్దు. ఆ పన్ను ఏ సూత్రాల మీద వేయాలన్నది ఉమ్మడి జాబితాలో 35వ పద్దు. 57 ఉన్నది 35కు లోబడి. ఈ రెండు అంకెల మధ్య ఉన్న సందులోనే సరిహద్దు ఊళ్ల తగాదాలన్నీ పుడతాయి.

అలాంటి తగాదాల్లో పెద్దది 2014లో వచ్చింది. కర్ణాటక తన 1957 నాటి వాహన పన్నుల చట్టాన్ని సవరించి, బయటి రాష్ట్రం బండి 30 రోజులు దాటి ఇక్కడుంటే పూర్తి లైఫ్ ట్యాక్స్ కట్టాలంది. ఒక్కసారిగా పన్నెండు నెలలు ఒక నెల అయ్యాయి. బెంగళూరులో ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కేరళ ప్లేట్ల కార్లను ఆపి తనిఖీలు మొదలుపెట్టారు. నెల దాటలేదని నిరూపించుకునే బాధ్యత బండివాడి మీద పడింది. డాష్‌బోర్డు అరలో పెట్రోలు బిల్లులు, టోల్ రసీదులు దాచుకునే అలవాటు అప్పటిది. పండక్కి ఊరెళ్లినప్పుడు వచ్చే టోల్ చీటీని పర్సులో తులసి ఆకులా దాచుకున్న వాళ్లున్నారు. కొందరు కోర్టుకెళ్లారు. 2016 మార్చిలో కర్ణాటక హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. కేంద్ర చట్టం పన్నెండు నెలల గడువిస్తుంటే రాష్ట్రం దాన్ని 30 రోజులకు కుదించి పన్ను అడగడం చెల్లదన్నది సారాంశం.

తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా ‘నెల’ అన్న మాట మాత్రం జనం నోట్లోంచి పోలేదు. టీ కొట్టు దగ్గర అడగండి, పదిమందిలో ఎవరో ఒకరు “నెల దాటితే పట్టుకుంటారు” అంటారు. 30 రోజులనే అంకె చట్టంలో ఇంకో చోట ఉండటం కూడా ఈ గందరగోళానికి కారణం. ఇల్లు మారితే 30 రోజుల్లో చిరునామా మార్పు తెలియజేయాలని 49వ సెక్షన్. అది సమాచారం ఇవ్వడం గురించి, పన్ను గురించి కాదు.

ఇంకో చిక్కు ఉంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పన్నెండు నెలల గడువు బండి యజమాని తన బండితో తాను వచ్చినప్పటి మాట. బాగేపల్లి వాడు మదనపల్లెలో సెకండ్ హ్యాండ్ కారు కొని తెచ్చుకుంటే అతను చుట్టం కాదు, మొదటి రోజు నుంచీ ఇంటివాడే. కొన్నవాడు 30 రోజుల్లో తన ఊరి రవాణా కార్యాలయానికి తెలపాలి. అమ్మినవాడికి వేరే రాష్ట్రమైతే 45 రోజులు, అదే రాష్ట్రమైతే 14. “పేరు తర్వాత మార్చుకుందాంలే, ఏడాది టైముంది” అని బ్రోకరు చెబితే, ఆ ఏడాది బ్రోకరుది, మీది కాదు. ఈలోగా ప్రమాదం జరిగితే, ఆర్‌సీలో పేరున్న మదనపల్లె ఆసామి ఇంటికి నోటీసు వెళుతుంది.

సరే, కాపురానికే వచ్చాం, కట్టాల్సిందే అనుకుందాం. ఎంత?

కర్ణాటకలో కార్ల లైఫ్ ట్యాక్సుకు నాలుగు మెట్లు. ధర 5 లక్షల లోపు 13 శాతం, 5 నుంచి 10 లక్షల వరకు 14, 10 నుంచి 20 వరకు 17, ఆ పైన 18. వచ్చిన పన్ను మీద 11 శాతం సెస్సు. ఇది కొత్త బండికి. బయటి రాష్ట్రం నుంచి వచ్చే పాత బండికి, ఈ మొత్తంలో వయసును బట్టి ఒక వంతు. రెండేళ్ల లోపు బండికి 93 శాతం. ఆ తర్వాత ఏటా ఆరేసి మెట్లు దిగుతుంది: మూడేళ్ల లోపు 87, నాలుగేళ్ల లోపు 81, ఐదేళ్ల లోపు 75, ఆరేళ్ల లోపు 69. అక్కడి నుంచి ఐదేసి చొప్పున 64, 59, 54, 49. పదేళ్లు దాటాక నాలుగేసి చొప్పున 45, 41, 37, 33, 29. పదిహేనేళ్లు దాటిన బండికి 25 శాతం, ఇక అక్కడితో ఆగుతుంది.

ఈ పట్టికను ఒకసారి నెమ్మదిగా చదివితే ఒక సంగతి తడుతుంది. బండి విలువ షోరూం గేటు దాటిన రోజు నుంచే పడిపోతుంది, ఐదేళ్లకు సగానికి చేరడం మామూలే. పన్ను మాత్రం అంత తొందరపడదు. పైగా శాతం వేసేది ఈ రోజు బండి పలికే ధర మీద కాదు, కొన్న రోజు ఇన్‌వాయిస్ ధర మీద. అందుకే ఆ పాత ఇన్‌వాయిస్ కాగితం పెళ్లి పత్రికలా భద్రంగా పెట్టుకోవాలి.

హిందూపురంలో 8 లక్షలకు కొన్న కారు, వయసు నాలుగున్నరేళ్లు, చిక్కబళ్లాపురానికి వస్తోంది. 8 లక్షల మీద 14 శాతం, 1,12,000. అందులో 75 శాతం, 84,000. దాని మీద 11 శాతం సెస్సు, 9,240. మొత్తం 93,240 రూపాయలు.

ఇప్పుడు వెనక్కి చూడండి. ఇదే కారు కొన్న రోజున ఆంధ్రప్రదేశ్‌కు కూడా లైఫ్ ట్యాక్స్ కట్టారు. అక్కడా 14 శాతమే అయితే అది 1,12,000. రెండూ కలిపితే 2,05,240. ఎనిమిది లక్షల కారు మీద నాలుగో వంతుకు పైగా రోడ్డు పన్నుకే పోయింది. బండికి లైఫ్ ఒకటే, ట్యాక్సులు రెండు. లైఫ్ ట్యాక్స్ అంటే బండి జీవితానికి కట్టేది అని అందరం అనుకుంటాం. ఆ రాష్ట్రంలో బండి జీవితానికి కట్టేదని ఇల్లు మారిన రోజున తెలుస్తుంది.

చిన్న బళ్ల లెక్క ఇంకా విచిత్రం. పదహారేళ్ల పాత మారుతి, ఆనాటి ధర 2,20,000. 13 శాతం 28,600. అందులో నాలుగో వంతు 7,150. సెస్సుతో 7,936. ఇంత చిన్న మొత్తమా అనిపిస్తుంది. కానీ పదిహేనేళ్లు దాటిన కారుకు ఆర్‌సీ రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఫిట్‌నెస్ తనిఖీకి, దానికోసం చేయించే మరమ్మతుకు పెట్టే ఖర్చు వేరే. పాత ఇనుముకు వేస్తే వచ్చే డబ్బుకూ దీనికీ తేడా పెద్దగా కనిపించదు. నన్నడిగితే అలాంటి బండిని సరిహద్దు దాటించడం కంటే అక్కడే బంధువులకు ఇచ్చేయడం మేలు.

ఇక ద్విచక్ర వాహనం. కర్ణాటకలో లక్ష రూపాయలు దాటిన బైక్ మీద 18 శాతం. అంటే 20 లక్షలు దాటిన కారు మీద ఎంతో, డిగ్రీ కుర్రాడి బైక్ మీదా అంతే. 1,20,000 ధర, మూడున్నరేళ్ల వయసున్న బైక్‌కు 21,600లో 81 శాతం 17,496, సెస్సుతో కలిపి 19,421. చింతామణిలో కాలేజీకి చేరిన మదనపల్లె పిల్లాడి తండ్రి ఈ అంకె విని నోరు తెరుస్తాడు. అయితే పిల్లాడు సెలవులకు ఊరికెళ్లేటప్పుడు బైక్ వేసుకెళుతున్నాడా, ఇక్కడే పెట్టి బస్సెక్కుతున్నాడా అన్నది కూడా చూడాలి. ‘ఉంచితే’ అన్న మాట ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది.

మెట్ల మధ్య గుంట గురించి కూడా చెప్పాలి. 9,99,000 కారుకు 14 శాతం, సెస్సుతో 1,55,245. 10,01,000 కారుకు 17 శాతం, సెస్సుతో 1,88,889. ధరలో తేడా రెండు వేలు, పన్నులో తేడా ముప్పై మూడు వేల పైచిలుకు. మెట్టు దాటితే దాటిన ముక్కకే కాదు, మొత్తం ధరకూ ఎక్కువ రేటే పడుతుంది కాబట్టి ఇలా అవుతుంది. ఆదాయపు పన్ను స్లాబుల్లా ఉంటుందనుకుని లెక్కేసుకున్న వాళ్లు షోరూంలో కంగు తింటారు.

అయితే గీత అవతల కొంటే లాభమేనా? ఒకప్పుడు ఉండేది. 2019లో 12 లక్షల కారు ఆంధ్రప్రదేశ్‌లో కొంటే 14 శాతం, 1,68,000. అదే కర్ణాటకలో 17 శాతం, సెస్సుతో 2,26,440. తేడా 58,440. హిందూపురంలో మేనమామ చిరునామా ఉన్నవాడికి ఆశ పుట్టించే అంకె అది. 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్ తన చట్టాన్ని సవరించి 13, 14, 17, 18 అన్న నాలుగు మెట్లు పెట్టింది. మరుసటి ఏడు తెలంగాణ కూడా అవే పెట్టింది. చూసి రాసుకున్నట్టు కర్ణాటక మెట్లే. దాంతో ఆ 12 లక్షల కారు మీద తేడా కర్ణాటక సెస్సు వరకే, 22,440కి తగ్గింది. ఈ మొత్తం కోసం మేనమామ చిరునామాతో బండి కొని, తర్వాత ఇక్కడ ఉంచి, ఏడాది తిరిగాక రెండో లైఫ్ ట్యాక్స్ కట్టడం ఏ లెక్కన చూసినా నష్టమే. రెండేళ్ల లోపైతే 2,04,000లో 93 శాతం, సెస్సుతో 2,10,589. ఇరవై రెండు వేలు మిగుల్చుకోబోయి రెండు లక్షలకు కాళ్లు చాపడం.

తక్కువ పన్నున్న చోట కొనే ఆట ఇప్పుడు ధనవంతులది. బెంగళూరులో 2025లో ఇలాంటి కార్ల మీద రవాణా శాఖ కన్నేసింది. ఆ జూలైలో మహారాష్ట్ర నంబరుతో తిరుగుతున్న ఓ ఫెరారీ యజమాని చేత ఒక్క రోజులో దాదాపు 1.41 కోట్ల రూపాయలు కట్టించారు. ఆ బండి ధర ఏడున్నర కోట్ల దాకా ఉంటుందని అప్పటి వార్తలు. మనం 8 లక్షల కారుకు వేసిన లెక్కే దీనికీ వేయండి. 18 శాతం, 11 శాతం సెస్సు, అందులో 93 శాతం, అంటే ధరలో 18.58 శాతం. ఏడున్నర కోట్ల మీద 1.39 కోట్లు వస్తుంది. పట్టిక ఫెరారీకీ ఆల్టోకీ ఒకటే.

కాగితాల పని గురించి పొడుగ్గా రాయను, కానీ వరస తప్పితే నెలలు పోతాయి. మొదట పాత ఊళ్లో ఎన్‌ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం. దానికి ఫారం 28. బండి మీద లోను ఉంటే బ్యాంకు ఒప్పుకోలు కాగితం ముందు తెచ్చుకోవాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఎన్‌ఓసీ ఇవ్వడమో, కారణం రాసి నిరాకరించడమో 30 రోజుల్లో జరగాలి, ఏ జవాబూ రాకపోతే ఇచ్చినట్టే భావించాలని 48వ సెక్షన్ అంటుంది. కాగితం మీద బాగుంటుంది ఈ మాట. ‘ఇచ్చినట్టే భావించిన’ ఎన్‌ఓసీని పట్టుకుని కొత్త ఊరి కౌంటరు దగ్గర నిలబడటానికి చాలా ఓపిక కావాలి. తర్వాత ఇక్కడ ఫారం 27, పన్ను, బండి తనిఖీ. మన పెద్దవాళ్లు ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారే, ఆయన ఛాసిస్ నంబరు చూసి సరిపోల్చుకుంటాడు. కొత్త నంబరు వచ్చాక బీమా పాలసీలో అది ఎక్కించాలి. ఫాస్టాగ్ ఖాతాలోనూ మార్చాలి. ఈ రెండూ మర్చిపోయే వాళ్లు ఎక్కువ.

వాళ్ల కంటే ఎక్కువమంది మర్చిపోయేది ఒకటుంది. పాత రాష్ట్రం నుంచి పన్ను వాపసు. బండి శాశ్వతంగా వెళ్లిపోయింది కాబట్టి మిగిలిన కాలానికి కట్టిన లైఫ్ ట్యాక్సులో కొంత భాగం తిరిగి అడిగే హక్కు యజమానికి ఉంది. ఇక్కడ కట్టిన రసీదు, కొత్త ఆర్‌సీ చూపించి అక్కడ అడగాలి. మన 8 లక్షల కారు విషయంలో రెండు లైఫ్ ట్యాక్సుల బరువు తగ్గే దారి ఇదొక్కటే. అయినా కొత్త నంబరు చేతికొచ్చేసరికి మనిషి అలసిపోయి ఉంటాడు. హిందూపురం పోయి మళ్లీ ఓ ఫైలు తెరవడానికి ప్రాణం ఒప్పదు. నాకు తెలిసిన వాళ్లలో బండి మార్చుకున్నవాళ్లు ఏడెనిమిది మంది ఉంటారు. వాపసు తెచ్చుకున్నది ఒక్కరు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు.

ఈ గొడవంతా లేని దారి ఒకటి 2021 సెప్టెంబరు 15 నుంచి ఉంది, భారత్ సిరీస్. ప్లేటు మీద రాష్ట్రం పేరుండదు, ఏడాది అంకె పక్కన బీహెచ్ అని ఉంటుంది. పన్ను ఒక్కసారే కాకుండా రెండేళ్లకోసారి కడతారు. మొత్తం కాలానికి వేసే రేటు 10 లక్షల లోపు 8 శాతం, 20 లక్షల వరకు 10, ఆ పైన 12; రెండేళ్లకోసారి కట్టేది అందులో ఒక భాగం. డీజిలైతే రెండు ఎక్కువ, కరెంటు బండైతే రెండు తక్కువ. రాష్ట్రం మారినా నంబరు మార్చక్కర్లేదు. అయితే ఇది రక్షణ శాఖ, ప్రభుత్వ, ప్రభుత్వ రంగ ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకే. బాగేపల్లి ప్రభుత్వ టీచరుకు దొరుకుతుంది. రెండు రాష్ట్రాల్లో సంతకెళ్లే చింతామణి టమాటా వ్యాపారికి దొరకదు. నిజంగా గీత దాటి బతికేది ఆయనే.

ఇవన్నీ తెల్లబోర్డు సొంత బళ్ల సంగతులు. ఎల్లో బోర్డు టాక్సీకి పర్మిట్లు, రోజువారీ పన్నులు వేరే లోకం.

చివరగా నిరూపణ సంగతి. 2014లో పెట్రోలు బిల్లులు దాచుకున్న జనానికి ఇప్పుడు ఆ కష్టం లేదు. 2021 ఫిబ్రవరి నుంచి టోల్ గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో, బండి ఏ తేదీన ఏ గంటకు బాగేపల్లి దాటిందో ఖాతా చరిత్రలో ఉంటుంది. రోడ్డు మీద ఆపిన అధికారికి ఫోనులో అది చూపిస్తే మాట చాలావరకు అక్కడే తేలిపోతుంది. సంక్రాంతికి అటు వెళ్లావు, కనుమ మర్నాడు ఇటు వచ్చావు, ఉగాదికి మళ్లీ వెళ్లావు అని అది వరసగా చెబుతుంది. ఏడాదిగా అటు వైపు గేటు దాటలేదనుకోండి, అదీ చెబుతుంది.